మూడు పుస్తకాలు, అన్నయ్య బల్ల

ఆగస్టు 26

అన్నయ్యతో ఇక ఈ విషయం మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. మాట్లాడకుండా చేసి చూపిస్తాను.

రాత్రి భోజనం దగ్గర మామూలుగానే చెప్పాను, ఈ ఏడు నా తూటాలు నేనే నింపుకుంటానని. నా భుజానికి ఆపరేషన్ అయ్యాక, ఆయన నింపినవి పేలిస్తే తుపాకి తన్నే తన్ను నాకు పడటం లేదు. తేలికపాటివి కావాలి. ఆయన నోట్లో బంగాళాదుంప పెట్టుకునే నవ్వాడు.

"పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్ర గుద్దినట్టనుకున్నావా?"

"పుస్తకం చూసి నేర్చుకుంటాను."

"పుస్తకాలు రాసేది లాయర్లు. చదివేది పిరికివాళ్ళు. తుపాకిమందు ఎంత పొయ్యాలో చేతికి తెలియాలి, నోరీన్. కాయితానికి కాదు."

అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చొక్కా గుండీలు ఒక రంధ్రం పక్కకి పెట్టుకుని కూర్చుని నాకు చేతుల గురించి చెబుతున్నాడు. ఈ లోయలో మగవాళ్ళంతా ఎల్క్ దుప్పుల వేట మొదలయ్యే ముందు ఖాళీ ఇత్తడి తొడుగులు కాఫీ డబ్బాల్లో పోసుకుని ఈయన షెడ్డుకే వస్తారు. ఈయన మందు నింపి, గుండు బిగించి ఇస్తాడు. వాళ్ళు బదులుగా పళ్ళు పెట్టి కాల్చిన 'పై' రొట్టెలో, సాసేజిలో ఇచ్చి పోతారు. దాంతో తనేదో బిషప్పు అయినట్టు ప్రవర్తన.

ఆగస్టు 30

మిజూలా పట్నం వెళ్ళి వేటసామాన్ల కొట్టులో పుస్తకాలు చూశాను. వేట రంగుల్లో కుట్టిన పసిపిల్లల చొక్కాలకీ, ఎండుమాంసం పొట్లాలకీ మధ్యన ఒక్క అర. పుస్తకాలకి ఇక్కడున్న గౌరవం అంత.

ట్రెంట్ అని ఒక కుర్ర గుమాస్తా వచ్చాడు. బొడ్డు దాకా గడ్డం. నడుముకి పిస్తోలు, మేజోళ్ళ అరల్లోంచి ఎలుగుబంటి వస్తుందని కాబోలు.

"మీ ఆయనకా మేడమ్?"

"నాకు ఆయన లేడు. నాకే."

"అయితే పుస్తకాలెందుకండీ. వీడియోలు చూడండి. నేను కూడా పెడుతుంటాను."

"వీడియోలో నువ్వు తప్పు చెబితే ఎలా తెలుస్తుంది?"

కాస్త ఆలోచించాడు పాపం. "కింద జనం రాస్తారుగా," అన్నాడు.

మూడు తెచ్చాను. గుండ్ల కంపెనీవాళ్ళు వేసిన లావుపాటిది ఒకటి. మందు కంపెనీవాళ్ళు ఏడాదికోసారి వేసే పల్చనిది ఒకటి, వారపత్రికలా ఉంటుంది. మొదటినుంచీ నేర్పుతానని చెప్పే బొమ్మల పుస్తకం ఒకటి. ప్రతి బొమ్మలోనూ వెంట్రుకల చెయ్యి. ఆడచెయ్యి ఒక్కటీ లేదు.

సెప్టెంబర్ 1

లావుపాటి పుస్తకంలో సగం వాళ్ళ గుండ్ల గొప్పలే. మిగతా సగం అంకెలు. మధ్యలో మనిషి కోసం రాసిన వాక్యం ఇంకా తగల్లేదు.

సెప్టెంబర్ 5

మూడు పుస్తకాలూ ఎదురుగా పెట్టుకుని నా తుపాకి పేజీ తీశాను. అదే గుండు, అదే మందు. ఇంతకు మించి పోయకూడదని మూడింటిలోనూ మూడు అంకెలు. నాన్న కాలంనాటి పాత పుస్తకం షెడ్డులోంచి తెచ్చి చూస్తే, అందులో వీటన్నిటికన్నా పెద్ద అంకె. నలుగురు సాక్షుల్ని పిలిస్తే నలుగురూ నాలుగు రకాలుగా చెప్పినట్టుంది. ఇంతమంది మూర్ఖుల మాట విని నేను మొహం దగ్గర తుపాకి పేల్చాలట.

పొద్దున కాఫీ దగ్గర ఎగతాళిగా అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన ఎగతాళి చెయ్యలేదు. "మళ్ళీ చదువు," అన్నాడు. మళ్ళీ చదివాను. "ఆ పల్చనిదాన్లో ఏముంది?" అన్నాడు. అదీ చదివాను.

"చూడు, ఏడాదికేడాది తగ్గిస్తున్నారు. లాయర్లు," అన్నాడు.

"నువ్వే చూడు," అని పుస్తకం ముందుకి తోశాను. కళ్ళద్దాలు షెడ్డులో ఉండిపోయాయన్నాడు. బద్ధకం. ఆ పాత పుస్తకంలో అంకె మాత్రం పేజీ తియ్యకుండానే చెప్పాడు, ఏదో ప్రార్థన అప్పజెప్పినట్టు.

కాఫీ సగం కప్పులోనూ సగం బల్లమీదా పోశాడు. తుడిచింది నేను.

సెప్టెంబర్ 10

బొమ్మల పుస్తకం చివరికి నోరు విప్పింది. అంకెలు వేరువేరుగా ఉండటం అబద్ధమేమీ కాదట. ఎవరి తుపాకి గొట్టంలో వాళ్ళు, ఎవరి తొడుగుల్లో వాళ్ళు పేల్చి చూసి, తమ దగ్గర ఏం జరిగిందో అది రాశారు. వేరే తుపాకిలో ఏమవుతుందో వాళ్ళకీ తెలియదు. అందుకే అన్నిటికన్నా తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టి, ప్రతిసారీ తుపాకి ఏమంటుందో వింటూ కొంచెం కొంచెం పెంచాలి. ఈ ఒక్క ముక్క మొదటి పేజీలో రాసి ఉంటే వీళ్ళ సొమ్మేం పోయేది?

నాకు పల్చనిదే నచ్చింది. అన్నిటికన్నా తక్కువ మాట్లాడుతుంది. బొమ్మలది పని నేర్చుకోవడానికి, పల్చనిది అంకెలకి, లావుపాటిది తూటా పొడవు సరిచూసుకోవడానికి. నాన్నది తలుపు ఆపడానికి.

ఇంకో నియమం కూడా కంఠతా పట్టాను. పనిచేసేటప్పుడు బల్లమీద ఒకే ఒక్క మందు డబ్బా ఉండాలి. పని అయ్యాక గరాటులో మిగిలిన మందు దాని డబ్బాలోకే తిరిగి పోసెయ్యాలి. దీనికి పుస్తకం కావాలా, వంటింట్లో ఉప్పూ పంచదారా పక్కపక్కన పెట్టుకున్న ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది.

సెప్టెంబర్ 14

డ్వేన్ సాథర్ వచ్చాడు, అవతలి పొలం వాడు. ఒక చేత్తో ఖాళీ తొడుగుల డబ్బా, ఇంకో చేత్తో వాళ్ళావిడ చేసిన హకల్‌బెర్రీ పళ్ళ పై. చుట్టూ ఉన్న రొట్టె అంచు కొట్లో కొన్నదని చూడగానే తెలుస్తుంది. ఇతను వచ్చాడంటే ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ చాలవు, అంత చోటు తీసుకుంటుంది ఆ గొంతు.

"ఆల్డెన్ అన్న తూటాలంటే వెన్నే అనుకో. పోయినేడాది రెండు వందల గజాల్లో కొట్టానా, ఎల్క్ ఉన్నచోటే కూలబడిపోయింది."

అన్నయ్య మొహం వెలిగిపోయింది. పొగిడితే చాలు, పసివాడు.

రెండేళ్ళ కిందట ఇతని తుపాకి బోల్టు, తూటా లోపల పెట్టి మూసే ఇనప గడియ, ఇరుక్కుపోతే కర్రతో కొట్టి తెరిచాడు. అప్పుడు అన్నయ్య అన్నాడు, "ఎప్పుడైనా తుడిస్తే కదా" అని. నేనూ అన్నాను. ఈ సంగతి ఎందుకు గుర్తొచ్చిందంటే, బోల్టు బిగుసుకోవడం మందు ఎక్కువైందనడానికి గుర్తని పుస్తకంలో ఉంది. పుస్తకం డ్వేన్‌ని చూడలేదు. డ్వేన్ తుపాకి మురికిది. అందులో సందేహం లేదు.

సెప్టెంబర్ 15

మురికిదే.

సెప్టెంబర్ 20

షెడ్డులో అన్నయ్య పక్కన నిలబడి చూశాను, నేర్చుకోవడానికి కాదు, తప్పులు పట్టడానికి. ఆయన డ్వేన్ తొడుగులు నింపుతున్నాడు. బల్లమీద దీపం ఇంకొకటి పెట్టాడు, ఆపరేషన్ థియేటర్లా ఉంది. తూటాలు బిగించే ప్రెస్సు మీట లాగుతూ గోడకేసి చూస్తాడు. చూడక్కర్లేదట, చేతులకి తెలుసట. నా ముందు గొప్పలు. త్రాసు ముల్లు దగ్గరకి మాత్రం ముక్కు ఆనేదాకా వంగుతాడు, తల పక్కకి వాల్చి, గింజ కోసం కోడి చూసినట్టు.

బల్లమీద రెండు మందు డబ్బాలున్నాయి.

"ఒకటే ఉండాలి," అన్నాను.

"ఒకటి ఖాళీదిలే."

ఎత్తి చూశాను. ఖాళీది కాదు. తీసి అరలో పెట్టాను. నాతో వాదించకుండా ఊరుకున్నాడు. అది నాకు విజయంలాగా అనిపించింది.

సెప్టెంబర్ 22

భుజం నొప్పి. కాల్పుల మైదానానికి వెళ్ళలేదు. అన్నయ్య వసంతంలో నాకోసం చేసిపెట్టిన తూటాల పెట్టె సొరుగులోనే ఉంది. తొందరేముంది.

సెప్టెంబర్ 27

అన్నయ్య ఎండుగడ్డి కోసం వెళ్ళాడు. షెడ్డు నాది. పల్చని పుస్తకం తెరిచి పెట్టుకున్నాను, చేతులు కడుక్కున్నాను, పుస్తకం చెప్పినట్టు అంతా. అన్నయ్య మందు డబ్బా తీసి పళ్ళెంలోకి కొంచెం వంచాను.

రెండు రకాలు పడ్డాయి.

ఒకటి పెన్సిలు ముల్లు సన్నగా తరిగినట్టు కడ్డీలు. రెండోది ఆవగింజలంత గుండ్రంగా. ఇంట్లోంచి తెల్లటి అన్నంపళ్ళెం తెచ్చి పోసి చూశాను. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూశాను. కలిసిపోయి ఉన్నాయి. గరాటులో మిగిలిన ఒక మందుని ఇంకో దాని డబ్బాలో పోశాడు. ఇది పసిపిల్లాడికైనా కనిపిస్తుంది. చూస్తే కనిపిస్తుంది.

పుస్తకంలో దీనికి అంకె లేదు. కలిసిన మందు ఎలా మండుతుందో ఎవరూ చెప్పలేరు, పారబొయ్యాలి, అంతే.

గుండీలు. కాఫీ. కళ్ళద్దాలు షెడ్డులో, షెడ్డులో ఉంటే ఇంట్లో. రెండో దీపం. నాకు అంత తెలివితక్కువతనం ఎక్కడినుంచి వచ్చింది?

డ్వేన్ తన తూటాలు గురువారమే పట్టుకెళ్ళాడు.

సెప్టెంబర్ 28

డ్వేన్ ఇంటికి వెళ్ళే దారిలో అబద్ధం తయారుచేసుకున్నాను. ప్రైమర్లలో, అంటే తూటా అడుగున నిప్పు రగిలించే బిళ్ళల్లో, ఏదో లోపముందని కబురొచ్చిందని చెప్పి, పెట్టెలు వెనక్కి తీసుకోవాలి. అన్నయ్య పేరు రాకూడదు. గేటు బిగుసుకుపోయి ఉంటే పైకెత్తి తోసుకుని వెళ్ళాను.

డ్వేన్ కోళ్ళగూడు కడుగుతున్నాడు. నా అబద్ధం ఆసాంతం విన్నాడు. నీళ్ళు కట్టేశాడు.

"లోపలికి రా, నోరీన్," అన్నాడు. ఆ గొంతు అంత నెమ్మదిగా కూడా పలుకుతుందని నాకు తెలియదు.

ఫ్రీజరు గదిలో అలమర తెరిచాడు. పైనుంచి కిందిదాకా అన్నయ్య పెట్టెలు. అన్నయ్య టేపు, అన్నయ్య వంకర రాత. ఒక్కదాని టేపు కూడా తెగలేదు.

"ఇవన్నీ ఏంటి?"

"బోల్టు ఇరుక్కున్నప్పట్నుంచీ ఒక్కటి కూడా పేల్చలేదు. కొట్లో కొన్నవే వాడుతున్నా. నేనొక్కణ్ణే కాదు, కొండదారి వాళ్ళు కూడా అంతే. ఆయనకి చూపు ఆనట్లేదుగా."

"మరి తొడుగులు తెచ్చి ఇస్తారెందుకు?"

"తేకపోతే ఎందుకు తేలేదని అడుగుతాడు. ఏం చెప్పను?"

"నాకు చెప్పొచ్చుగా."

అప్పుడు డ్వేన్ నన్ను నిజంగా ఆశ్చర్యంగా చూశాడు. "నీకు తెలుసనుకున్నాం. ఒకే ఇంట్లో ఉంటారాయె. నువ్వూ మాతోపాటే నెట్టుకొస్తున్నావనుకున్నాం. నోరీన్‌కి ఎంత ఓపికో అని మా ఆవిడ అంటుంటుంది."

నాకు ఓపికట. ఈ లోయలో నన్ను ఎవరూ ఇంతకన్నా పెద్ద తిట్టు తిట్టలేదు.

"నీకు చేసిచ్చినవి నువ్వు కాల్చావా?" అని అడిగాడు.

"నా భుజం బాగాలేదు."

ఇప్పుడే వాళ్ళ గేటు పైకెత్తి వచ్చింది ఆ చేత్తోనే. అతను కిటికీలోంచి గేటు వైపు చూశాడు. "అవునవును, భుజం," అన్నాడు. వెటకారం లేదు అందులో. ఉండి ఉంటే బాగుండేది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంతసేపూ సిగ్గుపడ్డాను, ఇప్పుడు కోపం. "మీ కళ్ళు మీరు భద్రంగా దాచుకున్నారు. బాగుంది. ఆ మనిషిని ఆ గదిలో, ఆ డబ్బాల మధ్య ఒంటరిగా వదిలేసి, పై రొట్టెలు పంపారు. ఏదైనా అంటుకుని ఉంటే? అంత్యక్రియలకి పూలు కూడా పంపేవాళ్ళేగా?"

డ్వేన్ అలమరలోంచి ఒక పెట్టె కిందికి దించాడు. "ఆ బల్ల తీసేసుకుంటే ఆయనకింకేం మిగులుతుంది, నోరీన్? మాకెవ్వరికీ నోరు రాలేదు."

పెట్టెలన్నీ నా ట్రక్కులోకి ఎక్కించాడు. నన్ను ఒక్కటీ మొయ్యనివ్వలేదు.

సెప్టెంబర్ 30

చెప్పలేదు.

అక్టోబర్ 1

చెప్పలేదు. షెడ్డు తాళంచెవి నా జేబులో పెట్టుకుని, ఎక్కడో పడిపోయిందన్నాను. ఇల్లంతా వెతికాడు. చేతులతో వెతికాడు.

డ్వేన్‌ని అంతలేసి మాటలన్నాను.

అక్టోబర్ 3

పొద్దున కాఫీ కప్పు పక్కన ఆ తెల్లపళ్ళెం పెట్టాను.

"ఏంటిది?"

"నువ్వే చెప్పు."

తల పక్కకి వాల్చాడు. వంగాడు. వేలు పెట్టి రుద్దాడు. "మందు."

"ఎన్ని రకాలు?"

"ఎన్నేంటి, ఒకటే."

పళ్ళెం కిటికీ వెలుగులోకి జరిపాను. ఆయన మళ్ళీ వంగాడు.

"రెండా?"

"రెండు. నీ డబ్బాలోంచే."

వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మొహంలో రంగు పోయింది. "ఎవరికైనా ఏమైనా అయిందా?"

ఆయన అడిగిన మొదటి మాట అదే. రాసిపెట్టుకుంటున్నాను.

"ఎవరికీ ఏమీ కాలేదు. పెట్టెలు వెనక్కి తెచ్చేశాను."

ఇక్కడ ఆపెయ్యాలనుకున్నాను. మిగతాది ఎప్పటికీ చెప్పకూడదని డ్వేన్ ఇంటినుంచి వస్తూ దారంతా అనుకున్నాను. కానీ ఆపెయ్యడమంటే ఆ అలమరలో ఇంకో పెట్టె పెట్టడమే. చెప్పాను. రెండేళ్ళుగా ఎవరూ ఒక్కటీ పేల్చలేదన్నాను.

"మరి డ్వేన్ ఎల్క్‌ని రెండు వందల గజాల్లో కొట్టానన్నాడే."

"అబద్ధం."

"అబద్ధమని నాకూ తెలుసు. వాడు రెండు వందల గజాల్లో కొండని కూడా కొట్టలేడు." నవ్వాడు. "ఏ ముక్క అబద్ధమో మాత్రం పోల్చుకోలేకపోయాను."

నేనూ నవ్వాను. ఆయన నవ్వు ఆగిపోయాక కూడా నాది కాసేపు సాగింది, అదే తప్పయింది. బల్ల అంచు పట్టుకుని నావైపు తిరిగాడు. నా మొహానికి కొంచెం పక్కగా చూశాడు. కొన్నాళ్ళుగా అలాగే చూస్తున్నాడు. పొగరనుకున్నాను.

"నువ్వు? వసంతంలో నీకు చేసినవి?"

భుజం అనలేదు. "కాల్చలేదు," అన్నాను.

లేచి, టోపీ కూడా పెట్టుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

నాకు భయంగా ఉంది. తూటా పేలి డ్వేన్ కళ్ళు పోతాయని కాదు. ఆ షెడ్డు లేకపోతే ఈ మనిషి పొద్దున ఎందుకు లేస్తాడా అని భయం.

అక్టోబర్ 4

గుడ్లు వేయించాను. తిన్నాడు.

అక్టోబర్ 6

తాళంచెవి బల్లమీద పెట్టాను. దొరికిందా అని అడగలేదు. ట్రక్కు దగ్గరకి వెళ్ళి పెట్టెలు దింపడం మొదలుపెట్టాడు.

రోజంతా ఆ తూటాలు విప్పాం. గుండ్లు లాగాడు, మందు బకెట్లో వంచాడు. నేను లెక్కలేనన్నిసార్లు జాగ్రత్త అన్నాను. "కట్టడానికి కళ్ళు కావాలిగానీ విప్పడానికెందుకు," అన్నాడు. మందంతా తీసుకెళ్ళి పెరట్లో రూబార్బ్ మొక్కల మడిలో ఎరువుగా చల్లాడు. నా పెట్టె కూడా సొరుగులోంచి తెచ్చిచ్చాను. దాన్ని అన్నిటికన్నా ఆఖర్న విప్పాడు.

అక్టోబర్ 9

మిజూలాలో కంటి డాక్టరు. డాక్టరు తప్పని రుజువు చెయ్యడానికే వస్తున్నానని దారంతా చెప్పాడు. చూపులో మధ్యభాగం పోయిందట. అంచులు మిగులుతాయట. ఇంజక్షన్లతో ఉన్నది నిలబెట్టొచ్చేమోగానీ పోయింది రాదు. డాక్టరు మనవడంత వయసువాడు. అన్నయ్యకి వినబడదనుకున్నట్టు అరిచి అరిచి చెప్పాడు. చదువుకున్న గాడిద.

వెనక్కి వస్తూ అన్నయ్య అన్నాడు, "ఎదురుగా నిన్ను చూస్తే నువ్వు కనపడవు. పక్కకి చూస్తే ఉంటావు."

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్ళైంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏమంటావో తెలుసుగా, నోరీన్."



అక్టోబర్ 12

షెడ్డులోంచి చప్పుళ్ళు వస్తుంటే పరిగెత్తాను. తూటాలు బిగించే ఆ ఇనప ప్రెస్సుని అన్నయ్య బల్లమీంచి ఊడదీస్తున్నాడు. నాన్న బిగించింది అది, అమ్మని పెళ్ళి చేసుకోకముందే. అమ్మేస్తాడనుకున్నాను, పారేస్తాడనుకున్నాను. ఆపమన్నాను.

"ఇలా రా. బల్ల దగ్గర నించో."

నించున్నాను. నేలమీంచి నా మోచేతి దాకా జానతో కొలిచాడు. మోచెయ్యి పట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "పొట్టివాళ్ళతో ఇదే బాధ," అన్నాడు. మూలలోంచి తక్కువ ఎత్తు బల్ల ఒకటి లాగి, తడుముకుంటూ రంధ్రాలు వేసి ప్రెస్సుని దానికి బిగించాడు. ఒక్క రంధ్రం కూడా వంకర పోలేదు. మూడు పుస్తకాలు ముందు వేసుకుని వారాల తరబడి కూర్చున్నాను, ప్రెస్సు నా ఎత్తుకి ఉండాలని ఏ ఒక్కదానికీ తోచలేదు, నాకూ తోచలేదు.

"మందు సంగతి నువ్వు చూసుకో. అంకెలు, త్రాసు, డబ్బాలు, అవన్నీ నీవి. నేను ముట్టుకోను," అన్నాడు. పల్చని పుస్తకాన్ని తడిమి, పేజీలు ఎగిరిపోకుండా దానిమీద సుత్తి పెట్టి, బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. మీట చప్పుడు వినబడాలని తలుపు మూయనివ్వలేదు.

నేను అంకె చదివాను. మళ్ళీ చదివాను. తూచాను. మొదటి తొడుగు పెట్టి మీట లాగాను.

"తొందరపడుతున్నావు," అన్నాడు మెట్టు మీంచి, వెనక్కి తిరక్కుండానే.

ఏదో అనబోయాను. అనలేదు. రెండోది నెమ్మదిగా లాగాను.

"ఊఁ," అన్నాడు.